ఆ 36 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్లూ టీకా, కరోనా, మధ్యలో ఒక భాగహారం

2020 మే నెలలో అమెరికాలో తయారైన ఒక వీడియో కొద్ది రోజుల్లోనే లక్షల ఫోన్లలోకి చేరింది. అందులోని మాటల్లో జనానికి బాగా గుర్తుండిపోయింది ఒకటే: ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లకు కరోనా వచ్చే అవకాశం 36 శాతం ఎక్కువట. యూట్యూబ్, ఫేస్‌బుక్ ఆ వీడియోను తీసేశాయి. వీడియో పోయింది, అంకె మాత్రం మిగిలింది. ఏ టీకా గురించి చర్చ వచ్చినా ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ అంకెను తెచ్చి మధ్యలో పెడుతూనే ఉంటారు.

పూర్తిగా కల్పించిన అంకె అయితే కొట్టిపారేయడం తేలిక. ఇది అలాంటిది కాదు. ‘వ్యాక్సిన్’ అనే శాస్త్ర పత్రికలో నిజంగానే అచ్చయింది. రాసిన మనిషి టీకాల వ్యతిరేకి కూడా కాదు, అమెరికా సైన్యం ఆరోగ్య నిఘా విభాగంలో పనిచేసిన పరిశోధకుడు. అందుకే దీన్ని ‘ఫేక్’ అని ఒక్క మాటలో తేల్చేస్తే నమ్మేవాళ్ల నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుందే తప్ప తగ్గదు. ఆ అంకె ఎలా పుట్టిందో చూడటమే మేలు. పైగా చాలా ఆసక్తికరమైన కథ కూడా.

ఆ పత్రం రచయిత గ్రెగ్ వుల్ఫ్. ఆన్‌లైన్‌లో 2019 అక్టోబరులో వచ్చింది, పత్రికలో 2020 జనవరి సంచికలో అచ్చయింది. అందులో వాడిన వివరాలు 2017-18 ఫ్లూ సీజన్‌వి. తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి సంగతి అక్కడే తెలిసిపోతుంది. కోవిడ్‌ను తెచ్చిన వైరస్ చైనాలోని వూహాన్‌లో బయటపడింది 2019 డిసెంబరులో. అంటే ఈ పరిశోధనలో లెక్కించిన ‘కరోనా వైరస్’ అది కాదు, కాలేదు కూడా. మనుషుల్లో ఎప్పటినుంచో తిరుగుతూ మామూలు జలుబు, పడిశం తెచ్చే పాత కరోనా వైరస్‌లు నాలుగున్నాయి: 229ఈ, ఓసీ43, ఎన్‌ఎల్63, హెచ్‌కేయూ1. పత్రంలో ఉన్నది వాటి గురించే. 2020కి ముందు ‘కరోనా’ అన్న పేరు డాక్టర్లకు, వైరస్‌లు చదివేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. అందుకే ఆ ఏడాది పాత పత్రంలో ఆ పేరు కనబడగానే అది మన కరోనాయే అనుకోవడం సులువైపోయింది.

కానీ అక్కడితో ఆగితే సగం జవాబే అవుతుంది. ‘పాత కరోనా అయితేనేం, టీకా వేసుకుంటే అదైనా ఎక్కువ వస్తుందిగా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం లెక్కలోకి దిగాలి.

అమెరికా సైన్యం తన సిబ్బందిలో, వాళ్ల కుటుంబాల్లో జ్వరం, దగ్గు, గొంతునొప్పి లాంటి లక్షణాలతో ఆస్పత్రికి వచ్చినవాళ్ల ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీసి ఏ వైరస్ ఉందో పరీక్షిస్తూ ఉంటుంది. వుల్ఫ్ తీసుకున్నది ఆ నమూనాలనే. మొత్తం 9,469 మంది. టీకా వేయించుకున్నవాళ్ల నమూనాల్లో 7.8 శాతం వాటిలో కరోనా వైరస్ (పాతది) కనబడింది, వేయించుకోనివాళ్లలో 5.8 శాతం. తేడా రెండు పాయింట్లు. రెండు గుంపుల్లో ఆ వైరస్ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు మధ్య నిష్పత్తి తీసి పోల్చితే 1.36 అవుతుంది. ‘36 శాతం ఎక్కువ’ అన్న భయంకరమైన మాటకు మూలం ఇదే. రెండు పాయింట్ల తేడా అంటే ఎవరూ ఫార్వర్డ్ చేయరు మరి.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఈ 9,469 మందీ ఏదో ఒక రోగంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లే. ఆరోగ్యంగా ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ లెక్కలో లేరు. కాబట్టి 7.8 శాతం అంటే ‘టీకా వేసుకున్న వందమందిలో దాదాపు ఎనిమిది మందికి కరోనా జలుబు వచ్చింది’ అని కాదు. ‘టీకా వేసుకుని జబ్బుపడి ఆస్పత్రికి వచ్చిన వందమందిలో దాదాపు ఎనిమిది మంది జబ్బుకు కారణం అది’ అని. మొదటిది ముప్పు, రెండోది వాటా. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే మొత్తం గొడవ ఉంది.

ఒక ఊరు ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే, నిజం కావు. ఊళ్లో వెయ్యిమంది ఫ్లూ టీకా వేయించుకున్నారు, మరో వెయ్యిమంది వేయించుకోలేదు. కరోనా జలుబు మీద ఈ టీకా ప్రభావం ఏమీ లేదనుకుందాం, మంచిదీ లేదు, చెడ్డదీ లేదు. అంటే రెండు గుంపుల్లోనూ 60 మందికే ఆ జలుబు వచ్చింది. మిగతా రకరకాల వైరస్‌లతో రెండు గుంపుల్లోనూ 140 మంది చొప్పున జబ్బుపడ్డారు. ఇక ఫ్లూ: టీకా లేనివాళ్లలో వందమందికి వచ్చింది, టీకా పనిచేసింది కాబట్టి వేయించుకున్నవాళ్లలో 40 మందికే వచ్చింది.

ఇప్పుడు ఆ ఊరి డాక్టరు దగ్గర కూర్చుని రిజిస్టరు తిరగేద్దాం. టీకా లేనివాళ్లలో మొత్తం 300 మంది వచ్చారు. వాళ్లలో కరోనా జలుబు 60, అంటే 20 శాతం. టీకా ఉన్నవాళ్లలో 240 మందే వచ్చారు. వాళ్లలోనూ కరోనా జలుబు 60 మందికే, కానీ అది ఇప్పుడు 25 శాతం. పరిశోధకుల భాషలో చెప్తే, టీకా లేనివాళ్లలో కరోనా ఉన్నవాళ్లు ఒకరికి లేనివాళ్లు నలుగురు, టీకా ఉన్నవాళ్లలో ఒకరికి ముగ్గురు. నిష్పత్తి 1.33. అంటే 33 శాతం ఎక్కువ!

టీకా ఒక్కరికి కూడా అదనంగా కరోనా తేలేదు. 60 మంది 60 మందే. ఫ్లూ కేసులు తగ్గి కింద ఉన్న మొత్తం చిన్నదైంది కాబట్టి పైన ఉన్న వాటా పెద్దగా కనబడింది. సొంతింట్లోకి మారినవాళ్లకు అద్దె ఖర్చు తప్పుతుంది. పాల బిల్లు పైసా పెరగకపోయినా నెల ఖర్చులో పాల వాటా పెరుగుతుంది. అది చూసి ‘సొంతిల్లు కట్టుకుంటే పాల ఖర్చు పెరుగుతుంది’ అని ఎవరైనా అంటే నవ్వుతాం. 36 శాతం వెనక ఉన్న తర్కం చాలావరకు అలాంటిదే. టీకా ఫ్లూ మీద ఎంత బాగా పనిచేస్తే, మిగతా వైరస్‌ల వాటా అంత ఎక్కువగా కనబడుతుంది. టీకా సమర్థతే టీకా మీద నేరారోపణ అయిపోయింది.

దీనికి మందు కూడా తేలికే. కరోనా ఉన్నవాళ్లను, లేనివాళ్లను పోల్చేటప్పుడు ఫ్లూ కేసులను ఆ ‘లేనివాళ్ల’ గుంపులోంచి తీసేయాలి. మన ఊరి లెక్కలో ఫ్లూ తీసేస్తే రెండు వైపులా 200 మంది మిగులుతారు, అందులో 60 మందికి కరోనా జలుబు. రెండు వైపులా 30 శాతం. తేడా మాయం.

వుల్ఫ్ పత్రంలో ఈ పని చేయలేదని ఎత్తిచూపింది డానుటా స్కౌరోన్‌స్కీ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర వ్యాధి నియంత్రణ కేంద్రంలో ఫ్లూ విభాగం చూసే శాస్త్రవేత్త. ఆమె బృందం తమ దగ్గరున్న 2010-11 నుంచి 2016-17 వరకు ఏడు సీజన్ల నమూనాలను సరైన పద్ధతిలో లెక్కగట్టి 2020లో ప్రచురించింది. ఫ్లూ టీకా ఫ్లూ ముప్పును 40 శాతానికి పైగా తగ్గించింది. కరోనా వైరస్‌ల మీద గానీ, ఫ్లూ కాని ఇతర శ్వాసకోశ వైరస్‌ల మీద గానీ ఏ ప్రభావమూ కనబడలేదు.

వుల్ఫ్ పత్రానికి న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. ‘టీకా వేసుకుంటే ఇతర వైరస్‌లు ఎక్కువ వస్తాయి’ అన్న వాదనకు మొత్తం మీద తమ ఫలితాల్లో పెద్దగా ఆధారం దొరకలేదని ఆ పత్రమే ముక్తాయించింది. కరోనా, మెటాన్యూమో (ఇదీ జలుబు, దగ్గు తెచ్చే వైరసే) అనే రెండింటిలో వాటా పెరిగినట్టు కనబడితే, టీకా వేసుకున్నవాళ్లలో అసలు ఏ వైరస్ దొరకనివాళ్లే ఎక్కువ. వీడియో తీసినవాళ్లు పట్టికలో ఒక్క గడి పట్టుకుని మిగతా పేజీ వదిలేశారు. ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పట్లో అమెరికా సైన్యంలో విధుల్లో ఉన్నవాళ్లకు ఏటా ఫ్లూ టీకా తప్పనిసరి. కాబట్టి టీకా వేయించుకోనివాళ్ల గుంపులో ఎక్కువగా కుటుంబసభ్యులే ఉండి ఉంటారని ఊహించవచ్చు. బ్యారక్‌ల్లో కలిసి ఉండే సైనికుణ్ని, ఇంట్లో ఉండే పిల్లాణ్ని పోల్చితే జలుబు లెక్కలు ఒకేలా రావు. వయసు తేడాను సరిచేసినా అన్నీ సరి కావు.

స్కౌరోన్‌స్కీ పేరు ఇక్కడ రావడంలో ఒక విశేషం ఉంది. ‘ఫ్లూ టీకాల వెనక ఉన్నవాళ్లు ఎప్పుడూ టీకాలనే వెనకేసుకొస్తారు’ అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. 2009లో టీకాకు ఇబ్బంది కలిగించే ఫలితాన్ని బయటపెట్టింది ఈమే. ఆ ఏడాది స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకింది. మన దేశంలో తొలి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడిలో. సరిగ్గా ఆ రోజుల్లో కెనడాలో, అంతకుముందు 2008-09 సీజన్‌లో మామూలు ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లే స్వైన్ ఫ్లూతో డాక్టర్ల దగ్గరకు ఎక్కువగా వస్తున్నట్టు స్కౌరోన్‌స్కీ బృందం గమనించింది. ఒకటి కాదు, నాలుగు వేర్వేరు పద్ధతుల్లో చూశారు. ముప్పు 1.4 నుంచి 2.5 రెట్లు ఎక్కువని తేలింది. 2010లో ప్రచురించారు. ఆ ఫలితం అచ్చు కాకముందే, 2009 చలికాలానికి ముందు, కెనడాలో చాలా రాష్ట్రాలు మామూలు ఫ్లూ టీకా కార్యక్రమాన్ని వాయిదా వేసుకోవడమో కుదించడమో చేశాయి. మిగతా దేశాల్లో చేసిన పరిశోధనల్లో చాలావాటిలో ఇలా కనబడలేదు. అయినా ఆమె వదల్లేదు. ఫెరెట్లు అనే ముంగిసలాంటి జంతువుల మీద ప్రయోగం చేసి, టీకా వేసినవాటికి స్వైన్ ఫ్లూ కాస్త తీవ్రంగా వచ్చినట్టు 2014లో రాశారు. అది ఎందుకు జరిగిందన్నది ఇప్పటికీ శాస్త్రవేత్తలు తర్కించుకునే విషయమే.

అంటే టీకాలో తేడా కనబడితే దాచే మనిషి కాదామె. అలాంటి మనిషి 36 శాతం దగ్గరకొచ్చేసరికి ‘ఇది లెక్కల పొరపాటు’ అనడానికి బరువుంది.

అయితే ఒక టీకా ఇంకో రోగానికి దారి తీయడం అన్న ఊహ పూర్తిగా గాలిలోంచి పుట్టిందా? కాదు. దానికీ ఒక మూలం ఉంది. శ్వాసకోశంలోకి ఒక వైరస్ దిగగానే అక్కడి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనంతో చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తాయి. ఆ కొద్ది రోజులూ వేరే వైరస్ వచ్చినా లోపలికి చొరబడటం కష్టం. వీధిలో దొంగ పడ్డాడని కేకలు వినబడితే ఆ రాత్రికి ఊరంతా మేలుకుని ఉంటుంది, ఇంకో దొంగ వచ్చినా ఏమీ చేయలేడు. 2009లో ఫ్రాన్స్‌లో, స్వీడన్‌లో జలుబు తెచ్చే రైనో వైరస్ ఉధృతంగా ఉన్న వారాల్లో స్వైన్ ఫ్లూ కాస్త ఆలస్యంగా పుంజుకుందని అక్కడి పరిశోధకులు రాశారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలెన్ ఫాక్స్‌మన్ బృందం ప్రయోగశాలలో పెంచిన శ్వాసనాళ కణాలకు ముందుగా రైనో వైరస్ సోకించి చూస్తే, తర్వాత వేసిన ఫ్లూ వైరస్ గానీ కోవిడ్ వైరస్ గానీ సరిగ్గా పెరగలేదు.

ఇక్కణ్నుంచి ఒక అడుగు ముందుకేస్తే ఇలా అనవచ్చు: టీకా వేసుకున్నవాడికి ఫ్లూ రాదు, ఫ్లూ రాదు కాబట్టి ఆ తాత్కాలిక కాపలా కూడా ఉండదు, అందువల్ల ఇతర వైరస్‌లకు దారి దొరుకుతుంది. 2012లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక చిన్న ప్రయోగం ఇలాగే సూచించింది. 115 మంది పిల్లల్లో కొందరికి ఫ్లూ టీకా, కొందరికి ఉత్తుత్తి సూది ఇచ్చి చూస్తే, టీకా వేసినవాళ్లలో ఫ్లూ కాని వైరస్‌లు 4.4 రెట్లు ఎక్కువగా దొరికాయి. దొరికినవాటిలో ఎక్కువ రైనో, కాక్సాకీ రకాలు. టీకా వ్యతిరేకులు తరచూ చూపించే రెండో పత్రం ఇదే. ఇది చీట్లు తీసి రెండు గుంపులు చేసిన అసలైన ప్రయోగం కాబట్టి వుల్ఫ్ పత్రం కంటే గట్టిదే. బలహీనత ఒక్కటే, 115 మంది మాత్రమే. పిల్లల సంఖ్య అంత తక్కువగా ఉంటే పదిమంది అటూ ఇటూ అయినా నిష్పత్తి ఎగిరిపోతుంది. ఆ తర్వాత అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆరు సీజన్ల పాటు పిల్లల్లో, పెద్దల్లో చూసిన పెద్ద పరిశోధనలో అలాంటి సంబంధం కనబడలేదు.

పైగా ఆ వాదనను ఒప్పుకున్నా దాని అర్థం వింతగా ఉంటుంది. కొద్ది రోజుల పాటు జలుబు రాకుండా ఉండటానికి ఫ్లూ తెచ్చుకోవాలన్నమాట.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం, ఎందుకంటే టీకాను అభిమానించేవాళ్లు కూడా ఇదే గుంటలో పడ్డారు. కోవిడ్ వచ్చాక ఒకదాని వెంట ఒకటి పరిశోధనలు వచ్చాయి, ఈసారి ఉల్టాగా. మిషిగన్‌లో ఒక ఆస్పత్రి వ్యవస్థలో కోవిడ్ పరీక్ష చేయించుకున్న 27,201 మందిని చూస్తే, ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లలో 4 శాతం మందికి, వేయించుకోనివాళ్లలో 4.9 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ ఆస్పత్రి ఉద్యోగుల్లో ఫ్లూ టీకా ఉన్నవాళ్లకు మొదటి వేవ్‌లో 37 శాతం, రెండో వేవ్‌లో 49 శాతం తక్కువగా కోవిడ్ వచ్చింది. ఖతార్‌లో ముప్పై వేలకు పైగా ఆస్పత్రి సిబ్బందిని చూస్తే, ఈమధ్యే ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లలో దాదాపు 30 శాతం రక్షణ. బ్రెజిల్‌లో కోవిడ్ రోగుల్లో ఫ్లూ టీకా ఉన్నవాళ్లు చనిపోయే అవకాశం 16-17 శాతం తక్కువ.

ఇవన్నీ చూస్తే ఫ్లూ టీకా కోవిడ్‌ను ఆపుతుందని రాసేయాలనిపిస్తుంది. చాలా పత్రికలు రాసేశాయి కూడా. ఒక సిద్ధాంతం కూడా తయారుగా ఉంది: ఏదైనా టీకా శరీరంలోని సహజ రక్షణ కణాలకు ఒక రకమైన కసరత్తు నేర్పుతుంది, ఆ కసరత్తు వేరే రోగాల మీదా కొంతకాలం పనికొస్తుంది అని. నెదర్లాండ్స్ బృందంలోని మిహాయ్ నెటియా ఈ సిద్ధాంతానికి పేరుపడ్డవాడు. సిద్ధాంతం అర్థం లేనిది కాదు. కానీ పై పరిశోధనల్లో ఏదీ చీట్లు తీసి ఒకరికి టీకా, ఇంకొకరికి ఉత్తుత్తి సూది ఇచ్చినది కాదు. టీకా వేయించుకోవాలా వద్దా అన్నది వాళ్లంతట వాళ్లు తేల్చుకున్నదే. ఏటా గుర్తుపెట్టుకుని ఫ్లూ టీకా వేయించుకునే మనిషి మాస్కు కూడా సరిగ్గానే పెట్టుకుంటాడు, దగ్గు వస్తే డాక్టరు దగ్గరకు త్వరగానే వెళ్తాడు, బీపీ మాత్రలు మరవడు.

ఈ ‘జాగ్రత్త మనిషి’ సమస్య ఎంత పెద్దదో చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని సియాటిల్‌లో లీసా జాక్సన్ బృందం 65 ఏళ్లు దాటిన 72,527 మంది వివరాలు తీసి 2006లో ప్రచురించింది. ఫ్లూ సీజన్‌లో టీకా ఉన్నవాళ్ల మరణాలు చాలా తక్కువ, దాదాపు సగం. మంచిదే. కానీ వాళ్లు ఇంకో పని కూడా చేశారు. సీజన్ మొదలవకముందు, ఊళ్లో ఫ్లూ వైరస్ లేని నెలల్లో కూడా ఇదే లెక్క తీశారు. అప్పుడు తేడా ఇంకా ఎక్కువ! టీకా ఉన్నవాళ్ల మరణ ముప్పు మిగతావాళ్లతో పోల్చితే 0.39 మాత్రమే. లేని ఫ్లూ నుంచి టీకా ఎలా కాపాడుతుంది? కాపాడలేదు. మంచాన పడ్డవాళ్లు, చివరి రోజుల్లో ఉన్నవాళ్లు టీకా కోసం వెళ్లరు. వెళ్లగలిగినవాళ్లు అప్పటికే కాస్త దృఢంగా ఉన్నవాళ్లు. టీకా లెక్కలు చదివే ప్రతివాళ్లూ ఒకసారి చూడాల్సిన పత్రం ఇది. మిషిగన్, నెదర్లాండ్స్, ఖతార్ అంకెల్లో ఇలాంటి తేడా ఎంత కలిసిందో ఆ పత్రాలను బట్టే తేల్చి చెప్పలేం.

బీసీజీ విషయంలో ఏమైందో గుర్తు చేసుకుంటే ఈ అనుమానం బలపడుతుంది. మన దగ్గర చిన్నప్పుడే ఎడమ జబ్బ మీద వేసి మచ్చ మిగిల్చే క్షయ టీకా అది. 2020లో ‘బీసీజీ వేసే దేశాల్లో కరోనా తక్కువ’ అని దేశాల పట్టికలు తిరిగాయి, భారతీయులకు ఇది చాలా ఊరటగా వినబడింది. ఆ ఊరట 2021 ఏప్రిల్ దాకా కూడా నిలవలేదు. తర్వాత ఆస్ట్రేలియా నాయకత్వంలో దాదాపు నాలుగు వేల మంది ఆస్పత్రి సిబ్బందికి చీట్లు తీసి బీసీజీ, ఉత్తుత్తి సూది ఇచ్చి చూశారు. ఫలితం 2023లో వచ్చింది: ఆరు నెలల్లో లక్షణాలున్న కోవిడ్ బీసీజీ వాళ్లలో 14.7 శాతం, మిగతావాళ్లలో 12.3 శాతం. రక్షణ లేదు.

దేశాల పట్టికలతో ఫ్లూ టీకాను నిందించినవాళ్లూ ఉన్నారు. 2020 అక్టోబరులో వచ్చిన ఒక పత్రం 39 దేశాలను తీసుకుని, ముసలివాళ్లకు ఫ్లూ టీకా ఎక్కువ వేసిన దేశాల్లోనే కోవిడ్ మరణాలు ఎక్కువని చూపింది. ఆ దేశాల్లో ముసలివాళ్లే ఎక్కువ, పరీక్షలు ఎక్కువ, మరణాల నమోదు ఎక్కువ. దీని మీద ఇంతకంటే మాట్లాడాల్సింది లేదు.

ఫ్లూ, కోవిడ్ రెండూ ఒకేసారి వస్తే ఏమవుతుంది అన్నది మాత్రం ఉత్త లెక్కల చర్చ కాదు. ఇంగ్లండ్‌లో 2020 తొలి నెలల్లో రెండు పరీక్షలూ చేసిన 19,256 మందిని చూశారు. రెండు వైరస్‌లూ ఉన్నవాళ్లు 58 మందే. కానీ కోవిడ్ ఒక్కటే ఉన్నవాళ్లతో పోల్చితే ఆ 58 మంది చనిపోయే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంది. అదే పత్రంలో ఫ్లూ ఉన్నవాళ్లలో కోవిడ్ 58 శాతం తక్కువగా కనబడింది. వైరస్‌ల పోటీ అని కొందరు అన్నారు. నిజంగా పోటీయే కావచ్చు. కానీ ఇక్కడా పరీక్ష చేసింది రోగులకే అని గుర్తుంచుకోవాలి. దగ్గుకు ఫ్లూ అనే కారణం దొరికిన మనిషిలో రెండో కారణం కూడా ఉండే అవకాశం ఎటూ తక్కువే. వుల్ఫ్ పత్రంలో తిరిగిన చక్రమే మళ్లీ ఇక్కడా తిరుగుతోంది.

ఇంకో రెండు అపోహలు చప్పున తేల్చేయవచ్చు. ఫ్లూ టీకాలో కరోనా వైరస్ ఉంటుందన్నది అబద్ధం. చాలా ఫ్లూ టీకాలు కోడిగుడ్లలో పెంచి, చంపి, ముక్కలు చేసిన ఫ్లూ వైరస్‌తో తయారవుతాయి. టీకా వల్ల కోవిడ్ పరీక్ష పాజిటివ్ వస్తుందన్నదీ అంతే. ఆర్‌టీ-పీసీఆర్ వెతికేది కోవిడ్ వైరస్ జన్యువు ముక్కలను, ఫ్లూ టీకాలో అవి లేవు.

మన దగ్గర ఈ చర్చ 2021లో కొత్త రూపంలో వచ్చింది. ‘మూడో వేవ్ పిల్లల మీదే’ అన్న టెన్షన్ ఇళ్లల్లో పెరిగిపోతున్న రోజులవి. మహారాష్ట్రలో పిల్లల వైద్యుల టాస్క్‌ఫోర్స్ వానాకాలానికి ముందు పిల్లలకు ఫ్లూ టీకా వేయించమని సలహా ఇచ్చింది. సలహా వెనక తర్కం సరైనదే: వర్షాల్లో ఫ్లూ జ్వరాలు తగ్గితే కోవిడ్ అనుమానంతో ఆస్పత్రులకు పరిగెత్తే పిల్లలు తగ్గుతారు. జనంలోకి వెళ్లేసరికి అది ‘ఫ్లూ సూది వేయిస్తే మూడో వేవ్ తాకదు’ అయింది. 36 శాతం వదంతి భయపెట్టి ఒక అడుగు వెనక్కి లాగితే, ఇది ధైర్యం ఇచ్చి ఒక అడుగు ఎక్కువ ముందుకు నెట్టింది.

ఫ్లూ టీకా నిజంగా చేసే పని వీటన్నిటికంటే చిన్నది, అయినా తక్కువేమీ కాదు. ఆ ఏడాది తిరిగే ఫ్లూ రకాలను సరిగ్గా ఊహించగలిగితే డాక్టరు దాకా వెళ్లే ఫ్లూను 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. సరిగ్గా ఊహించకపోతే అంతకంటే తక్కువే. రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది. గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, షుగర్, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకు దీని ప్రయోజనం ఎక్కువ. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పుంజుకుంటుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి. అక్టోబరులో మందుల షాపులోనే సూది వేయించుకునే అమెరికా తెలుగువాళ్ల క్యాలెండరు హైదరాబాద్‌కో విజయవాడకో సరిపోదు. ఇక్కడ వానాకాలానికి ముందే వేయించుకోవడం మేలంటారు డాక్టర్లు. మన ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. హజ్ యాత్రకు వెళ్లేవాళ్లలో వయసు మళ్లినవాళ్లకు, జబ్బులున్నవాళ్లకు మాత్రం ప్రభుత్వం ఇస్తుంది.

కోవిడ్ టీకా, ఫ్లూ టీకా ఒకే రోజు రెండు చేతులకూ వేయవచ్చా అని బ్రిటన్‌లో 679 మందికి చీట్లు తీసి చూశారు, 2021లో ఫలితం వచ్చింది. భద్రతలో ఇబ్బంది లేదు, రెండింటి రక్షణా తగ్గలేదు.

ఇంతకీ కరోనాకు, ఫ్లూ టీకాకు మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ సంబంధం ఒకటుంది, ఏ వీడియోలోనూ రానిది. కోవిడ్‌కు ముందు మేలైన ఫ్లూ టీకా అంటే నాలుగు రకాల వైరస్‌లకు కలిపి ఇచ్చేది. రెండు ‘ఏ’ రకాలు, రెండు ‘బీ’ రకాలు. ఆ రెండు ‘బీ’ల్లో ఒకదాని పేరు యమగాటా. లాక్‌డౌన్లు, మాస్కులు, ఆగిపోయిన విమానాల మధ్య 2020 మార్చి తర్వాత యమగాటా ప్రపంచంలో ఎక్కడా కచ్చితంగా కనబడలేదు. టీకాలో దాన్ని ఉంచాల్సిన అవసరం ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023 సెప్టెంబరులో చెప్పారు. 2024-25 సీజన్‌కు అమెరికాలో వచ్చిన ఫ్లూ టీకాలన్నీ మూడు రకాలవే. ఫ్లూ టీకా కరోనాను తెచ్చిందో లేదో అని జనం వాదించుకుంటున్న ఆ రోజుల్లోనే, కరోనా వచ్చి ఫ్లూ టీకాలోంచి ఒక వైరస్‌ను తీసేసి వెళ్లింది.